అడుగున కూర్చున్నవి

సముద్రంలో ఈదేవాటిని ఎవరైనా పట్టుకోవచ్చు గానీ, అడుగున కూర్చున్నవాటిని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదని పెద్దకోర్టు చెప్పిన దగ్గర్నుంచి గుక్కమ్మ మరిదికి గుల్లల మీదే కోపం.

"ఇంత సముద్రంలో పుట్టి కాస్త ఈత నేర్చుకోలేకపోయాయి చూడు వదినా," అన్నాడు పడవ అంచు మీద కూర్చుని తాడు ముడి బిగిస్తూ. "జానెడు రెక్క ఒకటి ఉండి ఉంటే ఈపాటికి చేపల్లో కలిసిపోయేవి. మనకీ కోర్టు గుమ్మం ఎక్కే పని తప్పేది. కూర్చున్న చోటే కూర్చుని మన కొంప ముంచాయి."

గుక్కమ్మ నవ్వలేదు. వలసంచి చిరుగులు కుట్టుకుంటోంది. ఆ సంచి నడుముకి కట్టుకుని నీళ్ళలోకి దిగి ఏడాది దాటింది. వాడకపోతే దారం కూడా అలుగుతుంది కాబోలు, కాస్త లాగితే పుటుక్కున తెగుతోంది. ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్ళకే సరిగా గుర్తులేదు. ఒక్క గుక్క పీల్చి మునిగిందంటే, పడవలో ఉన్నవాళ్ళు కంగారుపడి ఒకరి మొహం ఒకరు చూసుకునేదాకా పైకి తేలదని పడుచుతనంలో ఎవరో గుక్కమ్మ అన్నారు. అదే ఖాయమైపోయింది.

నిజానికి తగవు వీళ్ళది కాదు. నది సముద్రంలో కలిసేచోటికి కాస్త అవతల నేల అడుగున గ్యాసు పడింది. ఆ నేల మాదంటే మాదని రాష్ట్రమూ కేంద్రమూ కోర్టుకెక్కాయి. తీర్పు వచ్చేదాకా అడుగు నుంచి ఎవరూ ఏమీ తియ్యొద్దు, ఎక్కడివి అక్కడే ఉండాలి అన్నారు జడ్జిగారు. తవ్వడానికొచ్చిన పెద్ద ఓడలు హాయిగా ఇంకో సముద్రం చూసుకుని వెళ్ళిపోయాయి. మిగిలింది గుల్లలు తీసే ఆడవాళ్ళు. చేప ఈదుతుంది కాబట్టి నీటిది, గుల్ల అడుగున కూర్చుంటుంది కాబట్టి నేలది, నేలది ఏదైనా తగవులో ఉన్న సొత్తే అని చట్టం తేల్చింది. ఆ మాట విని గుక్కమ్మ అత్త, "మరి పీత సంగతేంటి? అది నడుస్తుంది కదా?" అని అడిగింది. ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

దారం సూదిలోంచి మూడోసారి జారిపోయినప్పుడు ఇసుకలో చెప్పులు చేత్తో పట్టుకుని లాయరమ్మ వస్తూ కనిపించింది. చిన్నపిల్ల. గుల్లలవాళ్ళ తరఫున వాదించడానికి ఊళ్ళో లాయర్లెవరూ ముందుకు రాకపోతే తనంతట తనే వచ్చింది. కోర్టులో ఆమె లేచి నిలబడితే అటు నలుగురూ ఇటు నలుగురూ నల్లకోట్లవాళ్ళు పిల్ల ఏదో పాడబోతోందన్నట్టు ముద్దుగా చూస్తారు.

"అక్కా, ఒప్పుకున్నారు!" అంది వస్తూనే, ఆయాసపడుతూ. "తనిఖీకి ఒప్పుకున్నారు. రేపే. రాష్ట్రం ఆఫీసరూ కేంద్రం ఆఫీసరూ ఇద్దరూ వస్తారు. గుల్లల మడి పాడవుతోందని మనం అన్నాం కదా, కళ్ళతో చూసి నివేదిక ఇమ్మన్నారు జడ్జిగారు. పాడవుతున్నట్టు తేలితే పలచన చేసుకోవడానికి అనుమతి ఇచ్చేస్తారు. నాతో ఆ మాటే అన్నారు."

గుక్కమ్మ చేతిలో సంచి కిందపెట్టేసింది. అమ్ముకోవడానికి కూడా కాదు వాళ్ళు అడిగింది. అత్త తరంవాళ్ళు నదీముఖంలోంచి పిల్లగుల్లల్ని బుట్టలతో మోసుకెళ్ళి, నారు పోసినట్టు సముద్రం అడుగున పోసి పెంచిన మడి అది. ఏటేటా పెద్దవి తీసి, ఒత్తుగా ఉన్న చిన్నవాటిని పక్కకి జరిపి పలచన చెయ్యాలి. లేకపోతే ఒకదాని మీద ఒకటి ఎక్కి, కిందున్నవి నోరు తెరుచుకోలేక ఊపిరాడక పోతాయి. అదీ నది కొత్తనీరు మోసుకొచ్చేలోపే జరగాలి. ఒత్తుగా ఉన్న మడి మీద కొత్తనీటి బురద పడిందంటే ఒక్క వారంలో సాంతం తుడిచిపెట్టుకుపోతుంది. మళ్ళీ మడి కట్టుకునేసరికి గుక్కమ్మకి అత్త వయసొస్తుంది. ఎగువన అప్పుడే మబ్బులు పడుతున్నాయని రేడియో చెబుతోంది.

"మరి మునిగేదెవరు?" అన్నాడు మరిది.

"అదే చెప్పొచ్చాను. రాష్ట్రం తెచ్చిన మనిషిని కేంద్రం వద్దంది. కేంద్రం తెచ్చిన మనిషిని రాష్ట్రం వద్దంది. జడ్జిగారికి విసుగెత్తి, ఇద్దరికీ కానివాళ్ళెవరైనా ఉన్నారా అన్నారు. నేను అక్కని చూపించాను."

"ఇద్దరికీ కానివాళ్ళం అన్నమాట మాత్రం నిజం," అన్నాడు మరిది. "ఆ విషయం కోర్టుకి తెలియడానికి ఏడాది పట్టింది."

లాయరమ్మ నవ్వి, గుక్కమ్మ పక్కనే ఇసుకలో కూలబడింది. "జాగ్రత్తగా వినండక్కా. మడిలో మూడుచోట్ల మునగాలి. ఒక్కోచోట ఒక్కో సంచి నిండా తేవాలి. ఏరకూడదు. చేతికి ఏది తగిలితే అది. చచ్చినవైనా బతికినవైనా. అర్థమైందా?"

"చేతికి తగిలినవి తేవడమేగా," అంది గుక్కమ్మ. "ఇన్నేళ్ళూ చేసిందదే."

పడవకి ఎదురుగా ఇంటి గడపలో కూర్చున్న అత్త, "ఏంటట? ఏంటట?" అని గట్టిగా అరిచింది. లోతునీళ్ళలో మునిగి మునిగి ఆవిడకి చెవులు పోయి చాలాకాలమైంది. గుక్కమ్మ దగ్గరికెళ్ళి చెవిలో నోరు పెట్టి చెప్పింది. ముసలావిడ అంతా విని, "మూడు మునకలకి ఇంతమంది పెద్దమనుషులా?" అంది. "నేను రోజుకి ముప్పై మునిగేదాన్ని. కుక్క కూడా చూడలేదు."

మర్నాడు పొద్దున్నే ఆఫీసర్లు దిగారు. రాష్ట్రం ఆయన ఎండకి పడవలో కూడా గొడుగు వేసుకున్నాడు. గాలికి అది అటూ ఇటూ లాగేస్తుంటే రెండు చేతులతో పట్టుకుని, ప్రాణం దాని మీదే ఉన్నట్టు కూర్చున్నాడు. కేంద్రం ఆయన లావుపాటి కళ్ళజోడు మనిషి. నీటి తుంపర పడ్డప్పుడల్లా తీసి తుడుచుకోవడం, పెట్టుకోవడం. మరిది ఒకాయనకి గొడుగాయన, ఇంకొకాయనకి కళ్ళజోడాయన అని అప్పుడే పేర్లు పెట్టేశాడు. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. మాట్లాడితే ఏది ఒప్పుకున్నట్టవుతుందోనని భయం. ఏదైనా చెప్పాల్సొస్తే లాయరమ్మకి చెప్పేవాళ్ళు. ఆ పిల్లకి సముద్రం పడక మొహం పాలిపోయి, రెండు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఉంది.

మడి ఉన్నచోటికి చేరాక మరిది ఒడ్డు మీది గుర్తులు చూసుకుని లంగరు వేశాడు. గుక్కమ్మ చీర గోచీ బిగించి, నడుముకి సంచీ, మరిది చేతిలోని తాడు కొసా కట్టుకుని, అడుగుకి దించే రాయి ఒళ్ళో పెట్టుకుంది. అంతసేపూ ఆమె చేతులవంకే చూస్తున్న కళ్ళజోడాయన గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాటమ్మా. తప్పుగా అనుకోకు. పిటిషన్ మీది, మునిగేదీ మీరే. అడుగున ఏం చేస్తున్నావో మాకు కనబడదు. చచ్చినవే ఏరి ఏరి తెచ్చి మడంతా పోయిందన్నావనుకో, మేం చేసేదేముంది?"

గుక్కమ్మకి ఒళ్ళు మండింది. "నేనా? చచ్చినవి ఏరేది?" అంది. "ఆ పని మా ఇంటావంటా లేదు సారూ."

"అబ్బే, రూలు చెప్పాను అంతే."

"వదినా, దిగు," అన్నాడు మరిది మెల్లగా.

ఆమె కళ్ళు మూసుకుని, చిన్న చిన్న ఊపిర్లు నాలుగు తీసి, చివరికి ఒక్క పెద్ద గుక్క పీల్చి రాయితో సహా జారిపోయింది.

నాలుగు నిలువుల లోతు. సగం దిగేసరికే చెవుల్లో పోటు మొదలైంది. ముక్కు పట్టుకుని లోపలికి ఊదింది, పోటు వదిలింది. కింద నీళ్ళు కలకగా ఉన్నాయి. అక్కడ కళ్ళతో పని లేదు, తెరిచినా మూసినా ఒకటే చీకటి. కాళ్ళకి నేల తగలగానే రాయి వదిలేసి, బోర్లా పడుకున్నట్టు ఒంగి రెండు చేతులూ బురదలోకి దూర్చింది.

ఏడాది తర్వాత మొదటిసారి. చేతులకి ప్రాణం లేచొచ్చింది. ఎడమచెయ్యి దున్నుతూ ముందుకెళ్ళింది, కుడిచెయ్యి దాని వెనకాలే తడుముకుంటూ సంచిలో వేసుకుంటూ వెళ్ళింది. బతికున్న గుల్ల వేలు తగలగానే బిగుసుకుంటుంది. ఆ చిన్న బిగింపు వేలికి తెలుస్తుంది. కానీ ఇవాళ వేళ్ళకి ముందుగా తగిలినవి నోళ్ళు తెరుచుకుని బురద నింపుకున్న ఉత్త చిప్పలు. ఒకదాని కింద ఒకటి, దాని కింద ఇంకొకటి. వాటిని తోసుకుంటూ, తోసుకుంటూ ఎంతో దూరం పోతే గానీ బిగింపు దొరకలేదు. మడి మధ్యలో ఇంత చావు ఉంటుందని ఆమె అనుకోలేదు. పోయాయి, సగానికి పైగా పోయాయి, ఇవాళ చూశారు కాబట్టి సరిపోయింది, ఇంకో పది రోజులాగితే ఏమీ మిగిలేది కాదు అనుకుంది. ఆ ఏడుపు గొంతులో ఉండగానే సంచి నిండింది. తాడు లాగింది.

పైకి తేలగానే గొడుగాయనా కళ్ళజోడాయనా ఇద్దరూ కలిసి సంచి మూతి బిగించి, లక్క పోసి, చెరో ముద్రా వేశారు. తర్వాత ఒడ్డున షెడ్డులో అందరి ఎదుటా విప్పాలట. రెండో మునకకి సంచి నిండడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది. మూడోదానికి గుండెలు పగిలిపోతాయనిపించింది. అయినా సగం సంచితో పైకి వెళ్తే పని సరిగా చెయ్యలేదంటారని, మడి అంచుదాకా పాకి పాకి వెతికింది. పైన మరిది కంగారుపడి తాడు రెండుసార్లు కుదిపాడు. ఆమె ఇంకో నాలుగు వేసుకున్నాకే జవాబిచ్చింది.

పడవ అంచు పట్టుకుని చాలాసేపు దగ్గాక లాయరమ్మవైపు తిరిగి, "సగం పైగా పోయాయి తల్లీ," అంది. "మధ్యలో అంతా ఉత్త చిప్పలే."

ఆ పిల్ల పాలిపోయిన మొహంలో వెలుగొచ్చింది. పాపం, ఇంకొకరి నష్టానికి సంతోషించినందుకు వెంటనే సిగ్గుపడింది కూడా. "అది చాలక్కా," అంది గుక్కమ్మ తడిచెయ్యి పట్టుకుని. "సంచి విప్పగానే వాళ్ళకే కనబడుతుంది."

షెడ్డులో పాత తూకం బల్ల మీద పెద్ద పళ్ళెం పెట్టారు. గుల్లలు తీసే ఆడవాళ్ళంతా గోడవారగా నిలబడ్డారు. గుక్కమ్మ తడిచీర మీదే తువ్వాలు కప్పుకుని ముందువరసలో ఉంది. పక్కన తోడికోడలు, అంటే మరిది పెళ్ళాం. ఆఫీసర్లు లక్క పగలగొట్టి మొదటి సంచి వంచారు.

గలగలమంటూ పళ్ళెం నిండా పడ్డాయి. నల్లగా, నున్నగా, తడిగా మెరుస్తూ, పెదాలు బిగించుకుని ఉన్నాయి. ఒకటి మాత్రం సన్నగా నోరు తెరిచి చివ్వున నీళ్ళు చిమ్మింది. అది సరిగ్గా గొడుగాయన చొక్కా మీద పడింది. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వేశాడు.

"ఎంత బావున్నాయమ్మా మీ గుల్లలు!"

ఏడాదిగా దొంగల్ని చూసినట్టు చూసినవాళ్ళే తప్ప, గుక్కమ్మ పనిని చూసి ఒక మంచిమాట అన్నవాళ్ళు లేరు. ఆమెకి తెలియకుండానే మొహం విప్పారింది. "ఈ రకం ఇంకెక్కడా దొరకదు సారూ," అంది.

రెండో సంచి వంచారు. మూడోదీ వంచారు. అవీ అంతే. ఒకటీ అరా ఉత్త చిప్ప ఉందేమో, అదీ బతికినదానికి అతుక్కుని వచ్చిందే. కళ్ళజోడాయన ఒక్కొక్కటీ తీసి గోటితో తట్టి చూస్తున్నాడు. తట్టగానే అవి ఇంకా బిగుసుకుంటున్నాయి. అప్పుడు గుక్కమ్మ లాయరమ్మవైపు చూసింది.

ఆ పిల్ల పళ్ళెంవంక చూడటం లేదు. గుక్కమ్మవంకే చూస్తోంది. కోపంగా చూసినా బావుండేది. చేతిలో పిండివంట గిన్నె ఉన్నట్టుండి జారిపోతే చూసినట్టు చూస్తోంది.

గుక్కమ్మకి అప్పుడు అర్థమైంది. చచ్చిన గుల్ల ఒక్కటి బుట్టలో పడితే బుట్టంతా కంపు కొడుతుంది, కొనేవాడు బుట్టంతా వెనక్కి కొట్టేస్తాడు. అందుకే పనిలోకి వచ్చిన ప్రతి పిల్లకీ ముందు నేర్పేది మునగడం కాదు, వదలడం. బురద నీళ్ళ తొట్టిలో చేతులు పెట్టించి, చచ్చినదాన్ని పట్టుకుంటే అత్త చింతబరికెతో మణికట్టు మీద ఒక్కటిచ్చేది. వారం తిరిగేసరికి వేళ్ళు తమంతట తామే వదిలెయ్యడం నేర్చుకునేవి. తర్వాత మనిషి ఏం ఆలోచిస్తున్నా, ఎందుకు ఏడుస్తున్నా చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది. ఏరకూడదని లాయరమ్మ చెప్పింది. ఆమె ఏరాననుకోలేదు. చేతికి తగిలినవే తెచ్చింది. తెరుచుకున్న చిప్ప ఆ చేతికి తగిలినట్టే లెక్క కాదు.

"సారూ, మళ్ళీ మునుగుతాను," అంది. "ఇవి కాదు. ఇవి మంచివి. అక్కడ చచ్చినవే ఎక్కువ సారూ, నేను వదిలేశాను. చెయ్యి వదిలేసింది. ఇప్పుడే వెళ్ళి తెస్తాను, అన్నీ అవే తెస్తాను."

ఆఖరిమాట ఎంత తప్పుగా వినబడిందో ఆమెకి అన్నాక తెలిసింది.

"ఆర్డరులో మూడే ఉన్నాయమ్మా," అన్నాడు కళ్ళజోడాయన. మంచిగానే అన్నాడు. అంతటితో ఊరుకోకుండా కళ్ళజోడు తీసి, "పొద్దున పడవలో నేనన్నమాట మనసులో పెట్టుకోకు. నిన్ను అనుమానించాను. నువ్వు తేవాలనుకుంటే చచ్చినవే తేగలిగేదానివి, తేలేదు. నాదే తప్పు," అన్నాడు.

గొడుగాయన కూడా తలూపాడు. ఇద్దరూ ఒకే కాగితం మీదకి ఒంగారు. ఈ తగవు మొదలైన దగ్గర్నుంచి తామిద్దరూ ఒక్కమాట మీద సంతకం పెట్టడం ఇదే మొదటిసారి అని గొడుగాయన అంటే, కళ్ళజోడాయన నవ్వాడు. వెళ్ళేటప్పుడు ఇద్దరూ ఒకే జీపులో ఎక్కారు.

వాళ్ళు వెళ్ళాక కూడా ఆడవాళ్ళు కదల్లేదు. ఎవరైనా తిడతారని గుక్కమ్మ ఎదురుచూసింది. తిడితే తలొంచుకుని పడేది, కాస్త బరువు తగ్గేది. ఎవరూ తిట్టలేదు. తోడికోడలు వచ్చి ఆమె చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, అవి ఎలా ఉన్నాయో చూస్తున్నట్టు తిప్పి చూసింది.

"నేను దిగినా అంతే అక్కా," అంది. "ఎవరు దిగినా అంతే. ఏరొద్దు అని చెప్పారు గానీ, ఏరకుండా ఎలా తియ్యాలో మనకెవరు నేర్పారు?"

మరిది తాడు చుట్టలు చుట్టి భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు అతని నోట్లోంచి ఒక్క వెటకారం రాలేదు. ఇంట్లో అందరికీ దానివల్లే ఎక్కువ భయమేసింది.

కోర్టు వాయిదా రోజున గుక్కమ్మా మరిదీ తెల్లారే బస్సెక్కారు. చేపల పడవ మీద కూలికి వెళ్ళిన మొగుడు ఇంకా ఒడ్డుకి రాలేదు, వస్తే ఏం చెప్పాలో ఆమెకి తెలియలేదు. దారిలో పెద్ద వంతెన మీద బస్సు నెమ్మదించింది. కిటికీలోంచి కిందికి చూస్తే, నది ఒకవైపంతా ఎప్పటిలాగే పచ్చగా ఉంది గానీ అవతలి గట్టువారన ఎర్రటి చారొకటి పాకుతూ వస్తోంది. కొత్తనీరు. పక్కసీట్లో ఎవరో, ఈ ఏడు వానలు ముందే పడ్డాయి, పంటలకి మంచిదే అంటున్నారు. గుక్కమ్మ మరిదివంక చూసింది. అతనూ చూశాడు.

కోర్టు హాల్లో బల్లల మీద దిండ్లంత కట్టలు. గ్యాసు గురించి వాదన సాగుతోంది. ఒడ్డు ఎక్కడ అయిపోతుంది, సముద్రం ఎక్కడ మొదలవుతుంది అని ఒకాయన, నీళ్ళు వెనక్కి తగ్గే పాటుకి బయటపడే ఇసుకమేట ఒడ్డు కిందికొస్తుందా రాదా అని ఇంకొకాయన. ఆ మేట మీద గుక్కమ్మ ఎన్నోసార్లు కూర్చుని మరమరాలు తింది. కానీ దాని గురించి ఎవరూ ఆమెని అడగలేదు, ఆమెకీ చెప్పడానికేమీ లేదు. భోజనాల వేళ దగ్గరపడ్డాక జడ్జిగారు అటూ ఇటూ చూసి, "ఆ గుల్లల సంగతి ఉంది కదా," అన్నారు.

లాయరమ్మ లేచింది. ఆ పిల్ల రెండు రోజులు తిండీ నిద్రా మాని తయారైందని కళ్ళే చెబుతున్నాయి. నమూనా సరైనది కాదని, మునిగిన మనిషి చిన్నప్పటి అలవాటు వల్ల తెలియకుండానే బతికినవే తెచ్చిందని, మడి నిజానికి చచ్చిపోతోందని, కొత్తనీరు దారిలో ఉందని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. బాగా చెప్పింది. జడ్జిగారు మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

అప్పుడు కేంద్రం తరఫు పెద్దలాయరు నెమ్మదిగా లేచాడు. "అంటే నమూనాని ఏరి తెచ్చారని పిటిషనరే ఒప్పుకుంటున్నారా?" అన్నాడు. "అది కోర్టు ఆర్డరుని ఉల్లంఘించడం అవుతుంది. ఆ మాట రికార్డు చెయ్యమంటారా?"

లాయరమ్మ వెనక్కి తిరిగి గుక్కమ్మని చూసింది. ఏరింది అంటే నేరం. ఏరలేదు అంటే మడి బాగానే ఉన్నట్టు. మూడో మాట ఏదైనా ఉందేమోనని ఆ పిల్ల కాగితాల్లో వెతికింది.

ఇక మిగిలింది రాష్ట్రం లాయరు. గుల్లలవాళ్ళ వీధిలో ఓట్లడిగిన రాష్ట్రం, సముద్రం మన రాష్ట్రానిదే అని గోడల మీద రాయించిన రాష్ట్రం. మనవాళ్ళు కదా, ఈయనైనా ఒక మాట సాయం చేస్తాడని గుక్కమ్మ ముందుకి ఒంగింది. ఆయన లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"ఈ ఒక్క విషయంలో మాత్రం నా మిత్రుడితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను," అన్నాడు.

హాలంతా నవ్వింది. అంతకాలం కొట్టుకున్నవాళ్ళు ఒకటయ్యారంటే నవ్వొచ్చే విషయమే. జడ్జిగారు కూడా నవ్వారు. తర్వాత గుక్కమ్మని ముందుకి పిలిచారు. ఆమె చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది.

"మీరేనామ్మా మునిగింది?"

"నేనేనండి."

"ఎవరైనా ఫలానావి తెమ్మని మీకు చెప్పారా?"

"లేదండి."

"చేతికి వచ్చినవి తెచ్చారు."

గుక్కమ్మ నోరు తెరిచింది. ఏ చేతికి అని చెప్పాలో, ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో తెలియలేదు. తొట్టి గురించి చెప్పాలా, అత్త బరికె గురించి చెప్పాలా, చీకట్లో వేలికింద బిగిసే ఆ చిన్న బిగింపు గురించి చెప్పాలా? చెబితే లాయరమ్మని ఏం చేస్తారో? "అవునండి," అంది.

జడ్జిగారు దయగానే తలపంకించారు. ఇద్దరు ఆఫీసర్లూ నమ్మిన మనిషి కాబట్టి ఆమె మాటా, ఆమె తెచ్చిన నమూనా నమ్మదగినవేనన్నారు. గుల్లలు ఆరోగ్యంగా ఉన్నాయి కాబట్టి తొందరేమీ లేదన్నారు. ఇంత మంచి సంపదని తీర్పు వచ్చేదాకా ఎవరూ కదపకుండా కాపాడాలన్నారు. గుల్లల పిటిషన్ని అసలు తగవుతో కలిపి వింటామని చెప్పి లేచారు. అందరూ లేచారు. గుక్కమ్మ అప్పటికే నిలబడి ఉంది.

వరండాలో లాయరమ్మ గోడవైపు తిరిగి ముక్కు చీదుకుంటోంది. గుక్కమ్మ ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. తనకి ఏడుపు రావడం లేదెందుకా అనుకుంది. మడి గుర్తొస్తోంది. అంచున మిగిలినవాటిలో మంచివన్నీ తనే పీకి తెచ్చేసింది కదా, అవి ఇప్పుడు ఏ ఆఫీసు గదిలో ఎండిపోతున్నాయో!

"ఏమ్మా, ఇక్కడున్నారా!" అంటూ కళ్ళజోడాయన గబగబా వచ్చాడు. వెనకాలే గొడుగాయన. ఇద్దరూ ఏదో పెళ్ళిలో కలిసినట్టు ఉత్సాహంగా ఉన్నారు. "మీతో పనుంది. వానలు తగ్గాక మళ్ళీ ఒకసారి నమూనా తియ్యమని ఆర్డరులో వేశారు. మీరే మునగాలి. ఈసారి ఇద్దరం అసలు వాదించుకోనే లేదు, ఇంకెవరినీ అడగక్కర్లేదు అనుకున్నాం. కూలి కూడా చెరిసగం ఇచ్చుకుంటాం."

"ముంచింది సరిపోలేదా సారూ?" అని మరిది ముందుకి రాబోయాడు. గుక్కమ్మ అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"వానలు తగ్గాకా?" అంది.

"అవును. నీళ్ళు తేరుకున్నాక. మీకూ కష్టం ఉండదు."

"కష్టమేముంది సారూ," అంది గుక్కమ్మ. "అప్పుడు ఏరే పని ఉండదు. ఎవరు చెయ్యి పెట్టినా ఒకటే."

"అదేనమ్మా కావలసింది!" అన్నాడు కళ్ళజోడాయన సంతోషంగా. "ఏరకుండా తేవడమే కదా రూలు. మరి రాసుకోమంటారా?"

గుక్కమ్మ రాసుకోమంది.